నేల విడుచుటకు ముందు



గడచిన వేసవిలో ఎమ్మిగనూరులో యౌవనస్థుల బైబిలు తరగతి ముగిసిన పిమ్మట ఒక చిన్నవాడు నాయొద్దకు వచ్చెను. చేనేతవారి ఇంట పుట్టి, ఇప్పుడు ఇంజనీరింగు చదువుచున్న బిడ్డ. అతని చేతిలో ఒక నోటుపుస్తకముండెను. అందులో గళ్లు గీసి, చిన్న విమానముల పేర్లు వ్రాసి, ఒక్కొక్కటి ఎన్ని అడుగులు పరుగెత్తి నేల విడుచునో, నిమిషమునకు ఎన్ని అడుగుల ఎత్తు ఎక్కునో వరుసగా దించుకొనియుండెను.

“అయ్యగారూ, కొండల్లోకి, అడవుల్లోకి మిషనరీలను తీసుకుపోయిన విమానాలు ఇవి. వీటిలో ఏది గొప్పదో మీరే చెప్పండి” అని అడిగెను.

“నాయనా, నేను సెమినరీలో గ్రీకు నేర్చుకొంటిని గాని విమానము నడుపుట నేర్చుకోలేదు గదా” అని నవ్వితిని. అయినను ఆ పుస్తకమును అడిగి పుచ్చుకొని, ఆదోనికి తిరిగి వచ్చుచు బస్సులోనే చదువ మొదలుపెట్టితిని. ఇంటికి వచ్చిన తరువాతను దానిని విడువలేకపోతిని. అంకెలు చదువుచుండగా నా సేవలో నేను చేసిన ఒక పొరపాటు జ్ఞాపకమునకు వచ్చెను. ఆ చిన్నవానికి నోటితో చెప్పలేని జవాబును ఇచ్చట వ్రాయుచున్నాను.

విమానము మాట ఎత్తగానే అది మనకు దూరపు సంగతి అని కొందరు అనుకొందురు. అట్లు కాదు. మన దేశములో విమాన తపాలా చరిత్ర మన వాకిటి ముందు నుండియే సాగినది. 1932వ సంవత్సరము అక్టోబరు 15వ తేదీ ఉదయమున జె. ఆర్. డి. టాటా, అప్పటికి 28 ఏండ్లవాడు, కరాచీ నుండి పస్ మాత్ అను చిన్న విమానములో ఒంటరిగా బయలుదేరెను. లండను నుండి ఇంపీరియల్ ఎయిర్‌వేస్ వారు కరాచీ వరకు తెచ్చిన ఉత్తరముల సంచులు అతని వెనుక ఉండెను. వాటి బరువు సుమారు 25 కిలోలు. అహ్మదాబాదులో దిగినప్పుడు ఆ విమానమునకు పెట్రోలు డబ్బాలు ఎద్దులబండి మీద వచ్చెను. మధ్యాహ్నమునకు అతడు బొంబాయిలోని జుహూ మైదానము చేరెను. అచ్చటి నుండి నెవిల్ విన్సెంటు అను మునుపటి వైమానిక దళపు అధికారి ఆ ఉత్తరములను అందుకొని, దారిలో బళ్లారిలో దిగి, మద్రాసునకు చేర్చెను.

బళ్లారి యనగా మనకు పరాయి ఊరు కాదు. ఆ దినములలో ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలోనిదే. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడు గదా ఆదోని, ఆలూరు తాలూకాలు మనతో కలిసి కర్నూలు జిల్లాలో చేరినవి. కాబట్టి 1932లో ఆ చిన్న విమానము దిగినది మన జిల్లా ముఖ్యపట్టణములోనే అని మన తాతలు చెప్పుకొనదగును. ఆ తరువాత కొంతకాలమునకు ఆ మార్గము హైదరాబాదు మీదుగా మారినది. అయినను మొదటి దినపు గౌరవము బళ్లారిదే.

ఆ పస్ మాత్ ఎంతటిది? ఇంజను 120 అశ్వశక్తులది. ముగ్గురు కూర్చుండు గది. నిండు బరువు 2,050 పౌనులు. సముద్రమట్టమున, చల్లని గాలిలో, నిమిషమునకు 630 అడుగుల వంతున ఎక్కగలదు. విమానము సొంత బరువు తీసివేయగా మిగులునది ఇంచుమించు 780 పౌనులు మాత్రమే. నడుపువాడు, పెట్రోలు, ఉత్తరములు, ఇంకొక మనిషి, అన్నియు ఆ లెక్కలోనే. మన ఆదోనివారికి తేలికగా తెలియునట్లు చెప్పుదును. ఆదోని ప్రెస్సింగు మిల్లులో కట్టు పత్తి బేలు 170 కిలోలు, అనగా 375 పౌనులు. పస్ మాత్ మోయగలిగినది మొత్తము రెండు బేళ్ల బరువు! మన లారీవాడు దానిని బరువని కూడ అనుకొనడు. అట్టి చిన్న విమానములతో మొదలైన ఆ తపాలా సంస్థ మరుసటి యేట 1,60,000 మైళ్లు ఎగిరి, 155 మంది ప్రయాణికులను, పది టన్నుల మేరకు తపాలాను చేరవేసెను. కొద్ది బరువు, అయితే క్రమము తప్పక. దాని విజయరహస్యము ఇదియే.

అంతకు ముందు 1911లో జరిగిన మరియొక సంగతి చెప్పవలెను. ఆ సంవత్సరము ఫిబ్రవరి 18వ తేదీన అలహాబాదు ప్రదర్శన మైదానము నుండి హెన్రీ పెకే అను ఫ్రెంచివాడు సుమారు 6,500 ఉత్తరములతో యమునా నది దాటి నైనీలో దిగెను. ప్రపంచములో అధికారికమైన విమాన తపాలా అదియే మొదటిదని తపాలా చరిత్రకారులు చెప్పుదురు. దాని వెనుక ఒక పాదిరి యుండెనని మనలో ఎందరికి తెలియును? రెవరెండు డబ్ల్యు. ఇ. ఎస్. హాలండుగారు అక్కడి విద్యార్థుల వసతిగృహమైన ఆక్స్‌ఫర్డ్ అండ్ కేంబ్రిడ్జి హాస్టలునకు పెద్దగా ఉండిరి. ఆ తపాలాకై వసూలు చేసిన ప్రత్యేక రుసుము ఆ హాస్టలు సహాయమునకే పోయినది. దేశము వారందరు ఆ దినమున ఆకాశమును చూచుచుండగా, ఆ పాదిరిగారు మాత్రము చదువుకొను పిల్లల పైకప్పును తలచుకొనిరి. సేవకుని చూపు అట్లే యుండవలెను.

ఆస్ట్రేలియా ఖండములో రెవరెండు జాన్ ఫ్లిన్ అను ప్రెస్బిటేరియను పాదిరిగారు ఇంకను దూరము ఆలోచించిరి. వందల మైళ్ల యెడారిలో వైద్యుడు లేక, కాలు విరిగినవాడును ప్రసవవేదన పడు తల్లియు బండ్లలో రోజుల తరబడి ప్రయాణము చేసి దారిలోనే కన్నుమూయుచుండిరి. 1917లో క్లిఫర్డు పీల్ అను వైద్యవిద్యార్థి, యుద్ధమునకు పోవుచు, విమానములతో వైద్యులను పంపవచ్చునని ఆయనకు ఒక జాబు వ్రాసెను. ఊరక ఊహించి వ్రాయలేదు. దూరములను, ఖర్చులను లెక్క వేసి మరీ వ్రాసెను. 1918లో ఆ యౌవనస్థుడు ఫ్రాన్సు దేశపు యుద్ధరంగమున చనిపోయెను. ఫ్లిన్‌గారు ఆ జాబును పారవేయలేదు. పది సంవత్సరములు ఇల్లిల్లు తిరిగి ధనము కూర్చి, 1928 మే 17వ తేదీన క్లాన్‌కరీ అను ఊరి నుండి మొదటి వైద్యుని విమానములో పంపిరి. మొదటి సంవత్సరములో 50 ప్రయాణములు జరిగెను. 225 మంది రోగులకు చికిత్స అందెను. లెక్క వేసినవాడు ఆ ఫలమును చూడలేదు. చూచినవారు ఆయన లెక్క మీదనే నడచిరి.

ఇక ఆ చిన్నవాని నోటుపుస్తకమునకు వచ్చెదను. అందలి అంకెలు అర్థము కావలెనన్న ముందుగా మన నేలను, మన ఎండను, మన గాలిని తెలిసికొనవలెను.

ఆదోని సముద్రమట్టమునకు సుమారు 1,400 అడుగుల ఎత్తున ఉన్నది. ఇది గొప్ప ఎత్తు కాదు. అయితే మే నెలలో మధ్యాహ్నము ఎండ 40 డిగ్రీలు దాటును. వేడి గాలి పలుచనిది. రెక్కలను పైకెత్తునది గాలియే. ఇంజను పీల్చుకొనునది గాలియే. ముందరి పంకా తిరిగి తోయునది గాలినే. గాలి పలుచనైనచో మూడు పనులును ఒక్కమారే తగ్గును. లెక్క వేసి చూడగా, మే మధ్యాహ్నమున ఆదోని మైదానములో నిలిచిన విమానము చల్లని దేశములో సుమారు 4,700 అడుగుల కొండ మీద నిలిచినట్లే. అది ఉన్న చోటు మైదానమే, దానికి తోచునది కొండ! సముద్రతీరమున చల్లని ఉదయమున 600 అడుగుల పరుగుతో లేచు విమానమునకు ఇచ్చట దాదాపు ఒకటిన్నర రెట్లు, అనగా 900 అడుగులు కావలెను. నేల విడిచిన తరువాతను ఎక్కుట మందగించును.

రెండవది నేల. మన నల్లరేగడి వేసవిలో నెఱ్ఱెలు విచ్చి గట్టిపడును. ఒక్క వాన పడినచో చక్రమునకు బంకవలె అంటుకొనును. ఎద్దు కాలికి కూడ కుండంత మట్టి అంటుట మీరు చూచితిరి. అట్టి నేల మీద విమానము పరుగు వేగము పట్టుకొనదు. అందుచేతనే అడవి విమానములకు పెద్ద పెద్ద మెత్తని చక్రములు పెట్టుదురు.

మూడవది బరువు. పదవ వంతు బరువు ఎక్కువైనచో పరుగు పదవ వంతు మాత్రమే పెరుగునని మనకు తోచును. కాదు, అయిదవ వంతుకు మించి పెరుగును. ఏలయనగా బరువైన విమానమునకు లేచుటకు ఎక్కువ వేగము కావలెను, ఆ వేగమును పుంజుకొనుటయు దానికి ఆలస్యమగును. ఒక తప్పు రెండు శిక్షలు తెచ్చును.

నాల్గవది ఎదురుగాలి. ఇది సహాయము. మన ప్రాంతములో జూను, జూలై మాసములలో పడమటి గాలి ఎట్లు వీచునో మీకు తెలియును. గంటకు 45 మైళ్ల వేగమున లేచు విమానము 15 మైళ్ల ఎదురుగాలికి ముఖము పెట్టినచో, నేల మీద 30 మైళ్ల వేగము చాలును. పరుగు సగము కంటె తక్కువకు దిగును. వెనుక నుండి తోయు గాలి సుఖముగా నుండును గాని అది లేవనీయదు. విమానము నడుపువారు ఎల్లప్పుడు ఎదురుగాలి వైపే తిరిగి పరుగు మొదలుపెట్టుదురు. ఎదురు వచ్చునదంతయు మనకు హానియే అని తలంచువారు దీనిని కొంచెము ధ్యానింపవలెను.

ఇప్పుడు పోలిక. పైపర్ సంస్థవారి సూపర్ కబ్ 1949లో వచ్చినది. ఇద్దరు మాత్రమే కూర్చుండగలరు. 150 అశ్వశక్తుల ఇంజనుతో, మంచి పరిస్థితులలో, సుమారు 200 అడుగుల పరుగుతోనే లేచును. నిమిషమునకు 960 అడుగులు ఎక్కును. మోయునది, నడుపువానితోను పెట్రోలుతోను కలిపి, పత్తి బేళ్ల లెక్కలో రెండు. సెస్నా 180 అనునది 1950ల మొదట వచ్చినది. నలుగురు కూర్చుండవచ్చును. ఇంజను 230 అశ్వశక్తులకు చేరినది. పరుగు 600 అడుగులకు పైమాట. ఎక్కుట నిమిషమునకు 1,100 అడుగుల దరిదాపు. బేళ్లు రెండున్నర కంటె కొంచెమెక్కువ. వేగము మంచిది, ఖర్చు తక్కువ. కాబట్టి దానిని, దాని తమ్ముళ్లను మిషనరీ విమాన సంఘములు ఎన్నో ఏండ్లు వాడినవి.

హీలియో కొరియర్ అనునది మరియొక తీరు. దాని రెక్క ముందటి అంచున చిన్న పలకలు కలవు. విమానము నెమ్మదించినప్పుడు అవి తమంతట తామే ముందుకు జారి, రెక్క మీది గాలి చెదరిపోకుండ పట్టి ఉంచును. అందుచేత గంటకు 30 మైళ్ల వంటి నిదాన వేగములో కూడ అది చెప్పిన మాట వినును. 295 అశ్వశక్తుల ఇంజనుతో 335 అడుగుల పరుగున లేచి, 610 అడుగుల దూరములో 50 అడుగుల చెట్టును దాటగలదని దాని లెక్క. బేళ్లు మూడున్నర. బైబిలు అనువాదకుల విమాన విభాగము దానిని దక్షిణ అమెరికా అడవులలో ఎంతో వాడినది. 1947లో కెనడాలో మొదట ఎగిరిన బీవర్ అనునది ఎద్దువంటిది. 450 అశ్వశక్తులు, నిండు బరువు 5,100 పౌనులు, 50 అడుగుల చెట్టును దాటుటకు సుమారు 1,000 అడుగులు కావలెను, అయితే అయిదు బేళ్లకు మించి మోయును.

ఎక్కుట విషయములో ఒక మెళకువ కలదు. రెండు విమానములు నిమిషమునకు వెయ్యి అడుగులే ఎక్కునని తలంచుడి. ఒకటి గంటకు 60 మైళ్లు పోవును. రెండవది 90 మైళ్లు. మొదటిది ఒక మైలు పోవునప్పటికి వెయ్యి అడుగుల ఎత్తున ఉండును. రెండవది అదే మైలు దగ్గర ఇంచుమించు 670 అడుగుల ఎత్తునే ఉండును. ఎదుట 800 అడుగుల కొండ ఉన్నచో మొదటిది దాటును, రెండవది తగులుకొనును. కాగితము మీద అంకె ఒక్కటే. కొండ దగ్గర ఫలితము రెండు. ఎంత త్వరగా ఎక్కితివి అనుట వేరు, ఎంత దూరములో ఎక్కితివి అనుట వేరు.

పిలాటస్ పోర్టర్ అను స్విట్జర్లాండు విమానము 1960లో నేపాలు దేశపు ధవళగిరి మీద సుమారు 5,700 మీటర్ల ఎత్తున మంచు మీద దిగి చరిత్రకెక్కినది. అదే యాత్రలో తరువాత అదే విమానము డంబుష్ కనుమ దగ్గర లేచుచు కూలిపోయినది. నడుపువారిద్దరు ప్రాణములతో నడచి దిగివచ్చిరి. అంత ఎత్తున దిగగలిగిన విమానమునకు కూడ ప్రతి ప్రయాణమును క్రొత్త పరీక్షయే.

ఇట్టి పరీక్షలో పడిన ఒక సేవకుని సంగతి మన సంఘములలో చాలమంది విన్నదే. నేట్ సెయింట్ ఈక్వడారు దేశములో మిషనరీ విమాన సంఘము పక్షమున పనిచేసెను. ఆ సంఘము 1945లో యుద్ధము నుండి తిరిగివచ్చు వైమానికులు ప్రారంభించినది. దాని మొదటి విమానమును 1946 ఫిబ్రవరి 23వ తేదీన మెక్సికో వైపు నడిపినది బెట్టీ గ్రీన్ అను స్త్రీ. నేట్ 1948 డిసెంబరులో క్విటో నగరము నుండి లేచెను. క్విటో 9,000 అడుగులకు పైని ఎత్తున కొండల నడుమనున్న ఊరు. నేల విడిచిన కొంతసేపటికే క్రిందికి దిగు గాలి విమానమును పట్టుకొనెను. పైకెక్కుటకు మిగులు శక్తి లేకపోయెను. విమానము పడిపోయెను, నేట్ వెన్నెముక విరిగెను.

వీపంతయు పిండికట్టుతో ఉన్నవాడు ఏమి చేయవలెను? నేట్ సణుగుకొనలేదు, ఆలోచించెను. కొంతకాలమునకు, అడవి మీద ఇంజనుకు పెట్రోలు అందక ఆగిపోయినచో ఎట్లు అని తలపోసి, ఒక రేకు డబ్బాలో పెట్రోలు పోసి రెక్క క్రింది కడ్డీకి కట్టి, దాని నుండి ఇంజనులోనికి రాగిగొట్టము వేసి, రెండవ దారి కల్పించెను. ఈ ఉపాయము ఇతర వైమానికులకును ఉపయోగపడినది. పడినవాడు తాను లేచుట మాత్రమే కాక, వెనుక వచ్చువాడు పడకుండునట్లు చేయుట గొప్పది.

1956 జనవరిలో ఆయన 115 అశ్వశక్తుల పైపర్ విమానములో కురారే నది ఒడ్డున 200 గజముల ఇసుకతిన్నె మీద దిగెను. ఆ విమానము నిమిషమునకు 600 అడుగులకు మించి ఎక్కలేనిది. దానితో ఒక్కమారు అందరిని తీసికొనిపోవుట సాధ్యము కాదు. అందుచేత ఒక్కొక్కరిని, కొద్ది కొద్ది సామానును, పలుమార్లు చేరవేసెను. వౌరానీ జనులకు స్నేహము చూపవలెనని పోయిన ఆ అయిదుగురు జనవరి 8వ తేదీన ఈటెలకు బలియైరి. విమానము రెక్కల బట్టను చీల్చివేసిరి. 1958లో నేట్ అక్కయైన రేచల్, హతుడైన జిమ్ ఇలియట్ భార్య ఎలిజబెత్ ఆ జనుల మధ్యనే కాపురమునకు పోయిరి. ఈ సంగతిని ధైర్యకథగా మాత్రమే చెప్పుకొందుము. నేను ఆ పుస్తకము చదివిన తరువాత నాకు తోచినది వేరు. ఆ విమానము పలుమార్లు తిరిగినది. సగము బరువుతో, మరల మరల. త్వరపడి ఒక్కమారు అంతయు ఎక్కించి ఉన్నచో ఆ ఇసుక మీద నుండి అది లేచి ఉండదు.

ఇప్పుడు నా పొరపాటు చెప్పవలెను. చాల యేండ్ల క్రిందట, నేను క్రొత్తగా గురుత్వాభిషేకము పొందిన దినములలో, ఎమ్మిగనూరు నుండి ఒక పల్లెకు కూటములకై అద్దె జీపులో బయలుదేరితిని. ఆ పల్లెలో ఒక చెల్లెలు నిండు చూలాలు. కాన్పు కష్టమగునని ముందే తెలిసి, కూటమునకు మేము తెచ్చు జీపులోనే ఆమెను మరునాడు తెల్లవారుజామున ఆదోని ఆసుపత్రికి తీసికొనిపోవుటకు మాట ఇచ్చితిని. బయలుదేరునప్పుడు ఒకరు బియ్యపు బస్తా తెచ్చిరి. మరియొకరు మైకు పెట్టెలు తెచ్చిరి. పాటలవారు, వారి పిల్లలు ఎక్కిరి. “అయ్యగారూ, ఈ ట్రంకుపెట్టె గూడా పెట్టుకోండి, ఎంత బరువని?” అని ఇంకొకరు. నేను ఎవరికిని కాదని చెప్పలేదు. కాదనుట ప్రేమ కాదని ఆ దినములలో నాకు తోచెను. డ్రైవరు మాత్రము, “ఇంత బరువుతో రేగడిలో పోదు సార్, మబ్బు చూడండి” అని రెండుమార్లు చెప్పెను. “ప్రభువు పని, ఆయనే చూచుకొనును” అని నేనంటిని.

వాన పడెను. పల్లెకు మూడు మైళ్ల ఇవతల జీపు ఇరుసు వరకు దిగిపోయెను. సామాను దింపితిమి, త్రోసితిమి, రాళ్లు వేసితిమి, రాత్రియంతయు కదలలేదు. తెల్లవారి ఆ చెల్లెలిని ఎద్దులబండి మీద, ఆ బురదలోనే, ఆదోనికి తీసికొనిపోయిరి. తల్లి బ్రతికెను. బిడ్డ దక్కలేదు. జీపు పోయి ఉన్నచో బిడ్డ బ్రతికెడిదని ఎవరును నాతో అనలేదు. ఆ తల్లి నన్ను చూచి, “దేవుని చిత్తం అయ్యగారూ” అనెను. ఆ మాట నాకు ఓదార్పు కాలేదు. ఏలయనగా బియ్యపు బస్తా ఎక్కించినది దేవుని చిత్తము కాదు, నా మొగమాటము. నా పొరపాటును దేవుని మీద పెట్టి “ఆయనే చూచుకొనును” అనినవాడను నేనే.

మిషనరీ విమానములలో ఒక పద్ధతి కలదు. ఎక్కువారిని, పాదిరి గాని పసిబిడ్డ గాని, వారి మూటతో సహా ముందుగా కాటా మీద నిలువబెట్టి తూచుదురు. మన ఆదోని మార్కెటు యార్డులో పత్తిని తూచినట్లే మనుష్యులను తూచుదురు. మొగమాటము లేదు. లెక్క మించినచో, “అన్నా, ఈ మూట దింపండి, అక్కా, మీరు మరుసటి విమానములో రండి” అని చెప్పుదురు. మొదట వినువారికి అది కఠినముగా తోచవచ్చును. అయితే లోపల కూర్చున్న రోగి ప్రాణము ఆ కాదను మాట మీదనే ఆధారపడియున్నది. ఆ పద్ధతిని గూర్చి చదివినప్పుడు నేను పుస్తకము మూసి చాలసేపు ఊరక కూర్చుంటిని.

ప్రభువు గోపురము కట్టగోరువాని ఉపమానము చెప్పినప్పుడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనవలెనని బోధించెను. దీనిని మనము భక్తిలేని జాగ్రత్త అనుకొందుము. ఆయన దానిని శిష్యత్వపు పాఠముగా చెప్పెను. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 12వ అధ్యాయములో పరుగెత్తువాడు పాపమును మాత్రమే కాక భారమును కూడ విడువవలెనని యున్నది. భారమనునది చెడ్డదే కానక్కరలేదు. బియ్యపు బస్తా చెడ్డదా? మైకు పెట్టె చెడ్డదా? మంచివే. అయితే ఆ దినమున, ఆ నేల మీద, ఆ బరువు ఒక పసిప్రాణమునకు అడ్డమైనది.

2021 మార్చిలో మన కర్నూలు దగ్గర ఓర్వకల్లులో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిగారి పేరిట విమానాశ్రయము ప్రారంభమైనది. దాని పరుగుబాట 2,000 మీటర్లు. సూపర్ కబ్ అట్టి బాట మీద ముప్పదిమార్లు లేవవచ్చును. పొడవైన సిమెంటు బాట ఉన్నచోట ఏ విమానమైనను గొప్పదే. బాట లేనిచోటనే విమానము విలువయు, నడుపువాని వివేకమును బయలుపడును. మనలో చాలమందికి ప్రభువు పొడవైన బాట ఇయ్యలేదు. చిన్న సంఘము, కొద్ది కానుక, మెత్తని నేల, వేడి గాలి. అట్టివారికి కావలసినది పెద్ద ఇంజను మాత్రమే కాదు. ఏది ఎక్కించవలెనో, ఏది దింపవలెనో ఎరుగుట.

పోయిన మాసమున ఆ చిన్నవాడు మరల వచ్చెను. నోటుపుస్తకము తిరిగి ఇచ్చితిని. “ఏది గొప్పదని తేల్చినారు అయ్యగారూ?” అనెను.

“నాయనా, నీ గళ్లలో విమానముల పేర్లు ఉన్నవి గాని, అవి దిగవలసిన ఊళ్ల పేర్లు లేవు. ఆ ఊరు ఎంత ఎత్తున ఉన్నది, నేల ఎట్టిది, ఏ వేళ లేవవలెను, లోపల ఎవరు కూర్చుందురు, అది మొదట వ్రాయుము. 200 గజముల ఇసుకకు ఒకటి, ధవళగిరికి ఒకటి, పది బస్తాల మందులకు ఒకటి. ఎండ వేళ లేవని విమానము తెల్లవారుజామున లేచును. నాలుగు మూటలతో లేవనిది రెండింటితో లేచును.”

అతడు కొంతసేపు ఊరకుండి, జేబులోని కలము తీసి, పేర్ల వరుసకు ఎడమప్రక్కన ఇంకొక గడి గీసికొనెను. దాని మీద ‘బరువు’ అని వ్రాసికొనెను. తరువాత ఆ మాటకు ముందు ‘ఎవరి’ అని చేర్చెను.

యెషయా గ్రంథము 40వ అధ్యాయము చివరను పక్షిరాజు రెక్కలను గూర్చిన వాగ్దానము మనకందరికి కంఠస్థమే. ఆదోని కోటకొండ మీద మధ్యాహ్నవేళ గద్ద ఎగురుట నేను ఎన్నోమారులు నిలిచి చూచితిని. అది రెక్కలాడింపక, వేడికి పైకి లేచు గాలి దొరకువరకు ఓర్పుతో తిరుగుచుండును. దొరకిన తరువాత చుట్లు చుట్లుగా పైకెక్కును. ఏ విమానమును నేల నుండి లేవకుండ అడ్డగించునో ఆ ఎండయే దానిని పైకెత్తును. అయితే అది లేచునప్పుడు కాళ్లలో ఏ మూటయు పెట్టుకొనదు.

చదువరులారా, ఈ వారము మీరు ఏ సేవకు బయలుదేరుచున్నారో నేనెరుగను. బయలుదేరుటకు ముందు ఒక్క గడియ కాటా మీద నిలువుడి. మీ బండిలో ఎవరి ప్రాణము కూర్చున్నదో తలంచుకొనుడి. కాదనవలసినచోట ప్రేమతో కాదనుటకును, రెండవమారు తిరిగి వచ్చి మిగిలినవారిని తీసికొనిపోవుటకును ప్రభువు మనకందరికి కృప దయచేయును గాక.